గంజికి పిలుపు

మా వాడలో గంజికి ఎవరినీ పిలవరు. పెళ్ళికి పిలుస్తారు, బిడ్డను తొట్టెలో వేసే వేడుకకు పిలుస్తారు, పొలం కోతకు కూలీలను పిలుస్తారు. చావుకు మాత్రం పిలవరు, ఎవరికి వాళ్ళే వస్తారు. పడుగుకు గంజి పెట్టడం కూడా మాకు అలాంటిదే. తెల్లవారుతూ ఉండగా ఎవరింటి ముందో గుంజ పాతుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు చాలు. ముఖం కడిగిన వాళ్ళు కడగని వాళ్ళు అందరూ అక్కడే ఉంటారు.

నేతపని తెలియని వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగు నూలును, అంటే నిలువు పోగులను, వాడ పొడుగునా రెండు గుంజల మధ్య సాగదీస్తారు. దానికి జొన్నగంజి పట్టించి, ఎండ ఎక్కకముందే పెద్ద కుంచెతో దువ్వుతూ ఆరబెడతారు. ఇది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. కుంచెకు అటొకరు ఇటొకరు ఉండాలి. వెనకాల పోగులు విడదీసేవాళ్ళు కావాలి, తెగినచోట అతికేవాళ్ళు కావాలి. చేతులు తక్కువైతే దువ్వకముందే గంజి ఎండి, పోగుకు పోగు అంటుకుంటుంది. ఇక ఆ పడుగు దేనికీ పనికిరాదు.

అందుకే మాటల్లేని వాళ్ళు కూడా గంజికి వచ్చేవాళ్ళు. మా ఎదురింటి గండయ్య మామా, ఆయన తమ్ముడూ గోడ తగాదాలో ముఖాలు చూసుకోవడం మానేశారు. గంజి పొద్దున మాత్రం ఒకే కుంచెకు చెరొక వైపు. "జర పైకి లేపు" అనాలన్నా పక్కవాడి చేత చెప్పించేవాళ్ళు. నాకు నవ్వు ఆగేది కాదు.

అలాంటి వాడలో ఇంటింటికీ తిరిగి గంజికి పిలిచిన మొదటి మనిషి మా ఆయన. తెలివిలేనివాడైతే సరేలెమ్మని ఊరుకుందును. వాడ మొత్తంలో మనిషిని అర్థం చేసుకున్నవాడంటూ ఉంటే ఆయనే. నా కడుపుమంట అంతా అక్కడే.

ఆయన పేరు దశరథ. మా ఊరు కేతేపల్లికి దగ్గర. నిజాం రాజ్యం పోయి, ఆంధ్రతో కలిసి కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్ళవి. సావుకారి దగ్గర నూలు తెచ్చుకొని, ఆయన చెప్పిన ధరకే బట్ట ఇచ్చి, ఆయన గుమ్మం ముందు నిలబడే బతుకు విసుగొచ్చి వాడంతా కలిసి సంఘం పెట్టుకున్నాం. పెద్దగా ఎవరుండాలని మాట వచ్చినప్పుడు అందరూ మా ఆయన వైపే చూశారు.

సంఘానికి ఒక గది ఉండేది, గదిలో పెద్దకని ఒక కుర్చీ ఉండేది. ఆ కుర్చీ మీద ఎప్పుడూ తడి నూలు ఆరుతూ ఉండేది, ఆయన కూర్చోగా నేను చూడలేదు. పొద్దుటే బయలుదేరి ఒక్కో ఇంట్లో, నేసేవాడు కాళ్ళు దించుకునే మగ్గం గుంట అంచున కూర్చునేవాడు. ముందుగా పని సంగతి అడిగేవాడు కాదు. నడుము నొప్పి తగ్గిందా, బిడ్డ పాలు తాగుతున్నదా, అత్త కోపం దిగిందా అని అడిగేవాడు. నేసేవాడికి జ్వరమొస్తే తనే గుంటలోకి దిగి ఆ బట్ట పూర్తిచేసి వాడి పేరనే పంపేవాడు. మా మగ్గం మీద బట్ట మాత్రం అట్లాగే ఉండేది. "వాడకు పెద్దవయినవ్, ఇంటికి సుట్టమయినవ్" అని నేను దెప్పితే నవ్వేవాడు.

గండయ్య మామకు చూపు మందగించింది. సన్న నూలు తెగితే పోగు దొరక్క తడుముకునేవాడు. ఇంకొకరైతే "ముసలోడివైనవ్, ఇగ చాలు" అని ఉందురు. మా ఆయన దొడ్డు నూలు కట్ట తీసుకుపోయి ఆయన ముందు పెట్టాడు.

"కాకా, గీ దొడ్డు నూలు ఎవలకిచ్చినా దుప్పటి వంకర పోతాంది. నీ చెయ్యి పడితె గని సక్కగ రాదు. ఇగ ఇది నువ్వే పట్టాలె."

ముసలాయన పొంగిపోయాడు. ఆ మాట వాడలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అబద్ధమే, కానీ ఎంత మంచి అబద్ధం అని నేను లోపల మురిసిపోయాను.

ఆ ఏడు వానాకాలంలో మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. సర్కారు దవాఖానలకు దుప్పట్లు నేసి దసరాలోపల ఇవ్వాలి. ఆ పని మీదనే మా ఆయన సంఘాలు చూసే ఆఫీసరు దగ్గరికి పోయి వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"చిన్న చిన్న సంఘాలు వద్దంటున్నరట. ఈ ఆర్డరు మొత్తం దసరాలోపల అప్పజెప్తె మన సంఘాన్ని ఉంచుతరట. ఒక్క పడుగు తక్కువైనా మూసుడే. మల్ల నూలు రాదు."

"అయితే వాడకు చెప్పు."

"చెప్తె సగం మంది రేపే మిల్లు పనికని షోలాపూర్ బండెక్కుతరు. ఇగ పడుగులు ఎవలు నేస్తరు? వద్దు ఆండాళూ. భయం నేను పడ్త. పని వాళ్లు చేస్తరు."

మాట బాగుంది. బాగున్న మాటలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. "ఎవల భయం వాళ్లకుండాలె" అన్నాను. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి లేచిపోయాడు.

వారం తిరగకముందే ఐలేశం వచ్చాడు. పెళ్ళయి నాలుగైదేళ్ళయినా నా కంటికి ఇంకా పిల్లవాడే. అతని బామ్మర్ది షోలాపూర్ మిల్లులో పని చూసిపెట్టి, వెంటనే రమ్మని కబురు పంపాడు. రాకపోతే ఆ జాగా ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఐలేశం మా అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, పోవాల్నా, ఉండాల్నా? గుర్వమ్మ నిన్ను అడగమన్నది. నువ్వేది చెప్తె గది."

నేను నీళ్ళ చెంబుతో గుమ్మంలో ఆగిపోయాను. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని మా ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఉండు ఐలేశం. ఈడ నేనున్న గద" అన్నాడు.

"గంతే, ఇగ పో అంటె గూడ పోను" అని ఐలేశం నవ్వుతూ లేచాడు. ఆ ముఖంలో అనుమానమన్నది లేదు. అంత నమ్మకాన్ని చూస్తే నాకు భయం వేసింది. వాడు వీధి మలుపు తిరగగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"గా పిలగానికి ఎట్ల చెప్పినవ్ గా మాట? నీ నోరెట్ల వచ్చింది?"

"సంఘం నిలుస్తదే. నిలిచినంక అది అబద్ధమే కాదు" అన్నాడు.

పని మాత్రం బ్రహ్మాండంగా సాగింది. అంత ఒద్దికగా వాడ నేసిన రోజులు నేను అంతకుముందు చూడలేదు. వరసగా గంజి పొద్దులు, రోజంతా మగ్గాల చప్పుడు. మా ఆయన ఒక్కడే చిక్కిపోతూ వచ్చాడు. అందరి భయమూ ఒక్క మనిషి మింగితే ఒళ్ళు ఎక్కడ నిలుస్తుంది?

దసరా దగ్గర పడుతుండగా ఆఫీసరు జీపులో వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఇల్లిల్లూ తిరిగి దుప్పట్లు చూశాడు. ఐలేశం మగ్గం దగ్గర నిలబడి బట్టను తడిమి మెచ్చుకున్నాడు.

"సంఘం ఉంటుందో ఊడుతుందో తెలియని సమయంలో కూడా ఇంత శ్రద్ధగా నేస్తున్నారంటే గొప్పేనయ్యా. మీ పెద్దాయనకు అప్పుడే చెప్పాను కదా, ఒక్క పడుగు తగ్గినా మూసేయక తప్పదని."

ఐలేశం చేతిలో పని ఆగింది. మాట పక్కింటికి పాకింది, అక్కడి మగ్గమూ ఆగింది. జీపు ఊరు దాటేసరికి వాడలో చప్పుడు లేదు. నేను పొయ్యి దగ్గర ఉండి కూడా ఏం జరిగిందో తెలుసుకున్నాను.

పొద్దుగూకే వేళకు అందరూ మా ఇంటి ముందుకు వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఐలేశం నెమ్మదిగానే అడిగాడు.

"అన్నా, నేను అడిగిననాడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకుండే ఉండుమన్నవా?"

"మీకు ఫికర్ ఉండొద్దని..."

"నా ఫికర్ నన్ను పడనియ్యకపోతివి గదన్నా. షోలాపూర్‌ల జాగా ఇంకోడు ఎక్కిండు. ఇప్పుడు ఏం ఫికర్ పడి ఏం ఫాయిద?"

అప్పుడు గండయ్య మామ ముందుకు వచ్చాడు. ఆయన అడిగినది ఆర్డరు సంగతి కాదు, సంఘం సంగతి కాదు.

"కొడుకా, ఒక్కటి చెప్పు. నాకు దొడ్డు నూలు ఇస్తివి సూడు. గది నిజంగ నా చెయ్యి మంచిదనేనా?"

ఇన్నాళ్ళు అందరికీ సర్దిచెప్పిన మనిషి, ఆ ఒక్కసారి కూడా సర్దిచెప్పి ఉంటే ఏం పోయేది? నిజం చెప్పడానికి ఆయనకు ఆ క్షణమే దొరికింది.

"నీకు కండ్లు సక్కగ కానొస్తలేవని ఇచ్చిన, కాకా."

ముసలాయన తల ఆడించాడు. భుజం మీది రుమాలుతో ముఖం తుడుచుకొని ఇంటికి పోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ కదిలారు. ఎవరికి వాళ్ళు తమతో ఆయన ఎప్పుడెప్పుడు ఏమన్నాడో తవ్వుకుంటున్నట్టు వాళ్ళ ముఖాలే చెప్పాయి.

మరునాడు బావి దగ్గర గుర్వమ్మ నన్ను ఆపింది. ఐలేశం పెండ్లాం, నన్ను సొంత అక్కలాగా చూసుకునే పిల్ల. రెండేళ్ళ కింద ఆమెకు పుట్టిన బిడ్డ పురిటిలోనే పోయింది.

"అక్కా, నా బిడ్డ పోయిననాడు బావ వచ్చి ఏడ్చిండు. గది గూడ..." అని ఆగిపోయింది.

"గది నిజమే గుర్వా. ఇంటికొచ్చి అన్నం గూడ ముట్టలే" అన్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అది అడిగిన చూపు కాదు, పరీక్షించిన చూపు. తరువాత బిందె ఎత్తుకొని పోయింది.

అయినా వాడ నేత ఆపలేదు. ఎందుకు ఆపుతారు, కూడు అందరిదీ కదా. మా ఆయన మగ్గం గుంట అంచున కూర్చోవడానికి పోతే జరిగి చోటిచ్చేవాళ్ళు. అడిగినదానికి జవాబిచ్చేవాళ్ళు. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు. పూర్వం తిట్టుకుంటూ చెప్పుకున్న కష్టాలన్నీ ఇప్పుడు "మంచిగనే ఉన్నం" అయిపోయాయి. ఆ మాట విని వచ్చినప్పుడల్లా ఆయన ముద్ద మింగలేకపోయేవాడు. జాలి వేసేది నాకు, దానికి మించి కోపం వచ్చేది.

చివరికి ఒక్క పడుగు మిగిలింది. అది మా మగ్గానిది. అందరి పనీ చక్కబెట్టి తనది చివరికి పెట్టుకోవడం ఆయన అలవాటు. దానికి గంజి పెట్టి, మగ్గమెక్కించి నేస్తే ఆర్డరు నిండుతుంది, సంఘం నిలుస్తుంది. అది తప్పితే సంఘం లేదు. వాడలో అందరికీ తెలుసు.

"ఎవ్వలు రారు" అన్నాడు ఆయన, ముందురోజు మధ్యాహ్నం.

"వస్తరు. నీ మొకం చూసి కాదు, గుంజ చప్పుడు విని వస్తరు. గండయ్య మామ తమ్ముని మీద ప్రేమతోటి కుంచె పడుతుండెనా ఇన్నేండ్లు?"

"రాకపోతె?"

"వస్తరంటున్న గద. నువ్వు జర నోరు మూసుకొని ఇంట్ల కూసో."

కూర్చోలేదు. ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. అది చూసి నాకు విషయం అర్థమైంది. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "పిలవకు. నీకు దండం పెడ్త. గీ వాడల ఎవలన్న పిలిచిండ్రా గంజికి?" అన్నాను. నన్ను పక్కకు జరిపి బయటికి పోయాడు.

ఇంటింటి ముందూ నిలబడి చేతులు జోడించాడు. "రేపు మా ఇంట్ల గంజి. జర రాండ్రి." ఎవరూ కాదనలేదు. ప్రతి గుమ్మంలోనూ "వస్తం" అన్నారు. కొందరైతే "అట్లనే, వస్తం" అని మర్యాదగా కూడా అన్నారు. ఆ మర్యాద విన్నాక, వీళ్ళు రారేమోనని నాకు మొదటిసారి అనిపించింది. ఆయన మాత్రం చాలా రోజుల తరువాత నవ్వుముఖంతో ఇల్లు చేరాడు. "అందరు వస్తమన్నరే" అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

తెల్లవారుతుండగా గుంజలు పాతాం. ఆ చప్పుడు ఆ చివరి ఇంటిదాకా వినిపించి ఉంటుంది. పడుగు సాగదీసేసరికి మా ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. గంజి కుండ దగ్గర నిలబడి చూశాం. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఒకరింట్లో ఎవరో దగ్గారు. ఇంకొకరింట్లో పొయ్యి పొగ లేచింది. అందరూ లేచే ఉన్నారు.

"ఇగ వస్తరు" అన్నాడు.

తూర్పు ఎర్రబడి, ఎండ ఇళ్ళ కప్పుల మీదికి వచ్చింది. ఇక ఆగితే అసలే లాభం లేదని గంజి పట్టించాం. కుంచెకు అటు ఆయన, ఇటు నేను. నాలుగడుగులు దువ్వేసరికి వెనకాల పోగులు అతుక్కుపోతున్నాయి. కుంచె వదిలి విడదీయడానికి ఉరికితే ముందరి గంజి ఎండుతున్నది. తెగిన పోగులు అతికే వాళ్ళు లేరు. ఆయన అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు గండయ్య మామ తలుపు తీసుకొని బయటికి వచ్చాడు. ప్రాణం లేచివచ్చింది. కుంచె ఆయన చేతికివ్వబోయాను. ఆయన అందుకోలేదు.

"ఎందుకు పిలిచినవ్ కొడుకా?" అన్నాడు. "పిలవకుంటె రాకపోదుమా? పిలిచేదాక గిది వాడ పని. పిలిచినంక నీ పని అయింది. దశరథ పనికి పోవుడా వద్దా అని ఇంటింట్ల ఆలోచన పెట్టినవ్. ఆలోచన చేస్తె ఎవలకు రాబుద్ధి కాలే."

"కాకా, సంఘం పోతదే..."

"ఎరుకే. నువ్వు దాసిపెట్టుడు తప్పే, అయినా వత్తుము. గని మేము రామనుకున్నవ్ సూడు, మమ్ముల గంతేననుకున్నవ్ సూడు." ముసలాయన పడుగు మీద చెయ్యి వేసి చూసి, తీసేసి, లోపలికి పోయాడు.

నాకు వాడ మీద కూడా ఒళ్ళు మండిపోయింది. మీ కూడు మీరే ఎండబెట్టుకుంటున్నరు, మీ పౌరుషం పాడుగాను అని నడి వాడలో నిలబడి అరిచాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మా ఆయన ఎండిపోయిన పడుగు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

దసరా పోయింది, సంఘమూ పోయింది. ఆఫీసరు బాధపడ్డాడనే విన్నాను, అయినా ఆయన చేతిలో ఏముంది. షోలాపూర్‌లో దిక్కున్న వాళ్ళు మూటలు కట్టుకొని పోయారు. గండయ్య మామ తమ్ముడు అన్నకు చెప్పకుండానే పోయాడు. జాగా పోగొట్టుకున్న ఐలేశం మిగిలాడు, మేము మిగిలాం. మళ్ళీ సావుకారి గుమ్మమే గతి అయింది. ఈసారి నూలూ తక్కువే, ధరా తక్కువే.

గంజికి పిలవడం మాత్రం వాడలో నిలిచిపోయింది. ఒకడు పిలిచాక, పిలవకుండా ఉండే ధైర్యం ఇంకొకరికి చాలలేదు. ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాళ్ళు, అందరూ వస్తామనేవాళ్ళు, వచ్చేది ఒకరో ఇద్దరో. ఉన్న చేతులకు సరిపడేట్టు పడుగులను కురచగా పోసుకోవడం అలవాటు చేసుకున్నారు.

చలికాలంలో ఒక సాయంత్రం గుర్వమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, రేపు మా గంజి. బావ, నువ్వు రాండ్రి."

"వస్తం" అన్నాను. మగ్గం గుంటలో ఉన్న మా ఆయన విన్నాడు, తల ఎత్తలేదు.

తెల్లవారి గుంజ చప్పుడు వినిపించింది. ఆయన అప్పటికే మేలుకొని మంచం మీద కూర్చొని ఉన్నాడు. లెమ్మన్నాను.

"నేను వస్తె, వచ్చిన ఇద్దరు గూడ మర్లిపోతరు. వాళ్ల పడుగు ఆగమైతది. నువ్వు పో" అన్నాడు.

ఒక్కదాన్నే పోయాను. అక్కడ ఐలేశం, గుర్వమ్మ, ఇంకొక ముసలామె, అంతే. నేను కుంచెకు ఇటువైపు పట్టాను. సగం దూరం దువ్వాక ఐలేశం పడుగు మీది చూపు తిప్పకుండానే అడిగాడు.

"అన్న రాలేదేంది వదినా?"

"జరమొచ్చింది" అన్నాను.

గుర్వమ్మ పోగులు విడదీయడం ఆపి నా వైపు చూసింది. ఐలేశం "ఆఁ" అన్నాడు, కుంచె ముందుకు లాగాడు. ఇద్దరిలో ఎవరూ నమ్మలేదు. వాళ్ళ జాగాలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.